మూడో ‘ఏవండీ’

మా తమ్ముడికి ఉన్నన్ని మంచి గుణాలు మా ఇంట్లో ఇంకెవరికీ లేవు. తాగడు, ఒకరి జోలికి పోడు, అబద్ధమాడితే అక్కడికక్కడే దొరికిపోతాడు. కుళ్ళు ఒక్కటే వాడికి పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు మా అమ్మ పక్కింటి పిల్లాడికి తల దువ్విందని వీడు రోజంతా రేగిన జుట్టుతో తిరిగాడు. దువ్వెన పట్టుకుని వెంటపడినా దొరకలేదు. అరిచి గోల చేసే కుళ్ళయితే మనమూ నాలుగు అరిచి వదిలించుకోవచ్చు. వీడిది నోరు మెదపకుండా లోపల్లోపల ఉడికే రకం.

పెద్దయ్యాక యూనివర్సిటీలో ఎలక్ట్రీషియనుగా చేరాడు. చేరిన కొత్తలో వాడు ఏ భవనంలో అడుగుపెడితే ఆ భవనంలో ఫ్యూజు ఎగిరిపోయేదట. పిల్లలు ‘ఫ్యూజన్న’ అని పేరు పెట్టారు. తర్వాత చెయ్యి కుదిరింది, ఫ్యూజులు నిలబడ్డాయి, పేరు మాత్రం ఊడిపోలేదు. ఏటా పరీక్షల ముందు అక్కడ నాటకాల సీజను నడుస్తుంది. ఆ రోజుల్లో మావాడి మకాం నాటకాల హాల్లోనే. హాలు వెనక గోడకి, జనం తలల కంటే ఎత్తున, నిచ్చెన మెట్లెక్కి వెళ్ళే చెక్కగది ఒకటుంది. అందులో ఒక స్టూలు, వరసగా మీటలు, ముందు అద్దం లేని కిటికీ. మీట పైకి తోస్తే స్టేజీ మీద వెలుగు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. దుమ్ము పట్టిన దీపాలు వేడెక్కి ఆ గదంతా మాడు వాసన కొడుతుంటుంది.

స్టేజీ పక్క గది నాది. నాటకాలకి బట్టలు కుట్టడం, ఇస్త్రీ చేయడం, ఆఖరి నిమిషంలో ఊడిపోయిన గుండీల కోసం నేలంతా వెతకడం నా పని. మా ఆయన అదే యూనివర్సిటీ ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతారు. నేను మాట్లాడినా అవే వెతుకుతారు కాబట్టి ఆయన్ని ప్రస్తుతానికి వదిలేస్తాను.

మా తమ్ముడి భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆఫీసు భవనంలో మెట్ల కింద కిటికీ లేని గది, అందులో ఒక్కతే కూర్చుంటుంది. యూనివర్సిటీలో ఎవరు ఎవరికి ఫోను చేసినా ముందు ఆమె గొంతే పలుకుతుంది. ‘చెప్పండి’ అంటుంది, అంతే. ఆ ఒక్క మాట వింటే చెప్పాలనుకున్నది మర్చిపోయి ఇంకేదో చెప్పుకోవాలనిపిస్తుందని మా ఆయన ఒకసారి అన్నారు. నాకు నచ్చలేదు. మా తమ్ముడు బ్రహ్మచారిగా ఉన్నప్పుడు ఆ గదిలో ఫ్యాను బాగుచేయడానికి వెళ్ళాడు. ఆమె చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఎవరితోనో ‘చెప్పండి’ అంటే, వీడు తననే అనుకుని స్టూలు మీద నిలబడి ఫ్యాను జబ్బుతో మొదలుపెట్టి, తన ఉద్యోగం, తన గది, తనకింకా పెళ్ళి కాలేదన్న సంగతి దాకా చెప్పుకొచ్చాడు. కాసేపటికి ఆమె తలెత్తి చూసి, ఫోను పెట్టేసి, మళ్ళీ ‘చెప్పండి’ అంది. ఈసారి వీణ్ణే. ఆ ఏడే పెళ్ళయింది.

పెళ్ళయ్యాక అందరూ అడిగేవారు, భార్య రోజంతా ఊళ్ళోవాళ్ళతో అంత తియ్యగా మాట్లాడుతుంటే నీకు ఏమీ అనిపించదా అని. వాడు నవ్వేసేవాడు. ‘చెప్పండి’ ఊరందరిదీ, ‘ఏవండీ’ నా ఒక్కడిదీ అని నాతో అన్నాడు. నిజమే, ఆమె ఇంట్లో వాడిని ‘ఏవండీ’ అనే పిలిచేది. ఆ మాట ఎవరింట్లో లేదు కనక? అందరిళ్ళలోనూ అదే. కానీ వాడికి అది తన పేరు మీద రాసిచ్చిన ఆస్తి.

వాళ్ళ పెళ్ళయిన పదకొండేళ్ళకి నాటక విభాగానికి కొత్త ప్రొఫెసరమ్మ వచ్చింది. ఉపాధ్యాయులూ, ఉద్యోగులూ, విద్యార్థులూ కలిసి వేసే నాటకం ఆమె చేతికిచ్చారు. నాయిక వేషానికి పెట్టుకున్న పిల్లకి ఒళ్ళంతా ఆటలమ్మ పోస్తే ఇంటికి పంపేశారు. వైద్యశాలకి ఫోను చేసి ఆ పిల్ల ఎప్పటికి కోలుకుంటుందో కనుక్కుందామని ప్రొఫెసరమ్మ ఫోనెత్తితే, మా మరదలు ‘చెప్పండి’ అంది. ఆవిడ వైద్యశాల సంగతి వదిలేసి, అమ్మా నువ్వెక్కడ కూర్చుంటావు అని అడిగి, మెట్ల కింద గది వెతుక్కుంటూ వచ్చేసింది.

మా మరదలు ఒక్కమాట కూడా బెట్టు చేయకుండా ఒప్పుకుంది. నా గదిలో కొలతలిస్తూ, అంతమంది తన గొంతు ఎరుగుదురనీ, క్యాంటీన్లో వరసలో నిలబడితే ఒక్కరూ మొహం ఎరగరనీ చెప్పింది. “ఒక్కసారి నన్ను చూస్తారు కదా వదినా,” అంది. చేతులు చాపి నిలబడి ఆ మాట అంటుంటే నా టేపు జారిపోయింది. అంత ఆశ ఆమెలో ఉందని అంతకుముందు నాకు తెలియదు.

మా తమ్ముడు మొదట్లో సంబరపడ్డాడు. నా భార్య హీరోయిను, నేను లైట్లు అని తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చెప్పుకున్నాడు. ఆ సంబరం మొదటి రిహార్సలు దాకానే.

నాటకం పెద్ద చిక్కుముడి కాదు. ఇల్లు విసుగెత్తి వెళ్ళిపోయే ఒక భర్త, అతను వెళ్ళిపోయాడని ఆఖరికి గానీ తెలుసుకోని భార్య. నాటకం మొత్తంలో ఆమె అతన్ని మూడుసార్లు పిలుస్తుంది. మొదటిసారి ‘ఏవండీ’ అంటే అతను ముద్దుగా ‘ఆఁ’ అంటాడు. రెండోసారి పేపర్లోంచి తలెత్తకుండా అంటాడు. మూడోసారి ఇంట్లో ఎవరూ ఉండరు. ఆమె ఖాళీ గది గుమ్మంలో నిలబడి ‘ఏవండీ’ అంటుంది, జవాబు రాదు, అప్పుడు వెలుగు మెల్లగా, చాలా మెల్లగా తగ్గిపోవాలి. అంటే మావాడు మీట లాగాల్సిన గుర్తు ఆ మూడో పిలుపే. మొదటి రెండింటికీ చెయ్యి కదపకూడదు, మూడోదానికి ఆలస్యం చేయకూడదు. పొరపాటు పడకుండా ఉండాలంటే మూడూ శ్రద్ధగా వినాలి. ఇంకొకడిని పిలుస్తుంటే.

ఆ ఇంకొకడు జువాలజీ మాస్టారు. పిల్లలు కప్పల మాస్టారంటారు. బట్టతల, దానిమీద నేను కుట్టిన విగ్గు, భయమేస్తే చెవుల వెనక నుంచి కారే చెమట. కుళ్ళుకోవడానికి ఏ కోశానా పనికిరాని మనిషి. కానీ ఆయన పలకడం మాత్రం నేర్చుకున్నాడు. ప్రొఫెసరమ్మ చెప్పినట్టే, మొదటి పిలుపు పూర్తయ్యీ అవకముందే మొహమంతా ఆమె వైపు తిప్పి ‘ఆఁ’ అనేవాడు. ఆ ‘ఆఁ’ విని కుర్చీలు సర్దే వాళ్ళు కూడా ఆగి చూసేవారు. ఒకరోజు భోజనం దగ్గర మా మరదలు, ఏ పాపమూ ఎరగకుండా, మాస్టారు ఎంత చక్కగా పలుకుతారో అందట. మా తమ్ముడు కంచంలో చెయ్యి కడిగేశాడు.

అదే పెద్ద దెబ్బనుకుంటే, అసలుది తర్వాత పడింది. మూడో పిలుపు సరిగ్గా రావడం లేదనీ, రోజూ వాడే మాట కనక అరిగిపోయిందనీ ప్రొఫెసరమ్మ అంది. నాటకం అయ్యేదాకా ఆ మాట బయట ఎక్కడా అనొద్దని మా మరదలికి చెప్పింది. చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించడం ఎక్స్ఛేంజి వాళ్ళ అలవాటు. మర్నాడే మా తమ్ముడు ఇస్త్రీపెట్టె ప్లగ్గు చూసే వంకతో నా గదిలోకి వచ్చాడు. ప్లగ్గు బాగానే ఉంది. దాన్ని విప్పాడు, మళ్ళీ బిగించాడు.

“అక్కా, తను నన్ను ‘ఇదిగో’ అంటోంది,” అన్నాడు.

నాకు నవ్వాగలేదు. నవ్వితే వాడి మొహం చూడలేకపోయాను. రోజూ సాయంత్రం తన కళ్ళ ముందే, తన చేత్తో వేసిన వెలుగులో, ఆ మాట కప్పల మాస్టారికి వెళ్తుంది. ఇంటికొస్తే తనకి ‘ఇదిగో’. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా మాట తీసి ఆయనకిచ్చే హక్కు ఆ ప్రొఫెసరమ్మకి ఎవరిచ్చారని అడిగాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టమన్నాను. మాస్టారి కాలరు కాస్త బిగించి కుట్టమన్నాడు. నేను కుట్టలేదు. కుట్టాలనిపించింది, అది వేరే సంగతి.

మాటల్లో చెప్పలేనిది వాడు మీటల్లో చెప్పడం మొదలుపెట్టాడు. రిహార్సలు గడిచేకొద్దీ మాస్టారి మీద వెలుగు పల్చబడసాగింది. ముందు చెవి చీకట్లోకి పోయింది, తర్వాత సగం మొహం. ఆయన ‘ఆఁ’ అనే చోట మరీ దారుణం, విగ్గు తప్ప ఏమీ కనబడేది కాదు. ఆయన అమాయకుడు, వెలుగు ఉన్నచోటికి జరిగేవాడు. జరిగితే వెలుగు ఇంకోచోటికి పోయేది. ఒకరోజు ప్రొఫెసరమ్మ హాలు మధ్యలో నిలబడి, ఇక్కడ ఎవరో కావాలని చేస్తున్నారని మాత్రమే అంది. ఎవరి పేరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మావాడు పైనుంచి “నేను కాదు మేడం,” అన్నాడు.

కిందికి పిలిపించింది. దాచడం చేతకాని మనిషి కదా, ఉన్నదంతా చెప్పేశాడు. ఆ ఒక్క మాట తీసేయమని, కావాలంటే పేరు పెట్టి పిలిపించమని బతిమాలాడు. ఆవిడ కోప్పడలేదు. నాటకమంతా ఆ మాట మీదే నిలబడిందనీ, పేరు పెట్టి పిలిస్తే అది ఇంకో నాటకం అవుతుందనీ చెప్పి, ఇక వెలుగుతో ఆటలాడనని మాట తీసుకుని పంపేసింది. మా మరదలు అన్నీ విన్నది. ఆ సాయంత్రం ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్తుంటే మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరం ఉంది.

మొదటి ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. ఎక్స్ఛేంజి గొంతుకి మొహం ఉందట అని విని వచ్చినవాళ్ళే సగం మంది. నేను తెర పక్కన సూదీ దారం పట్టుకుని నిలబడ్డాను. మా మరదలు అడుగుపెట్టగానే వెనక వరసలదాకా మెడలు సాగాయి. మొదటి ‘ఏవండీ’ బాగా వచ్చింది, మాస్టారు పలికారు. వెలుగు ఆయన మీద నిండుగానే ఉంది, మావాడు మాట నిలబెట్టుకున్నాడు. రెండోది ఇంకా బాగా వచ్చింది.

ఆఖరి ఘట్టం. ఖాళీ కుర్చీ, తీసి ఉన్న తలుపు. ఆమె లోపలి నుంచి వచ్చి గుమ్మంలో ఆగింది. చుట్టూ చూసింది. ఆ తర్వాత పిలిచింది.

“ఏవండీ.”

హాలంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు వెనక నుంచి, జనం తలల మీదుగా, నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినవాడి గొంతు వినబడింది.

“ఆఁ, వస్తున్నా.”

పైన స్టూలు పడిన చప్పుడు. మీట మీద నుంచి చెయ్యి వదిలేసినట్టున్నాడు, వెలుగు తగ్గలేదు. ముందొకడు కిసుక్కున నవ్వాడు, ఆ తర్వాత హాలంతా గొల్లుమంది. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి చెక్కగది వైపు చూశారు. మా మరదలు పూర్తి వెలుగులో గుమ్మంలో అలాగే నిలబడి ఉంది, ఒక్కడంటే ఒక్కడు ఆమెను చూడటం లేదు. తెర దించమని ప్రొఫెసరమ్మ చెయ్యి ఊపింది.

మా తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. నా గదిలో ఆమె అద్దం ముందు కూర్చుని దూదితో మొహం తుడుచుకుంటోంది. ఏడవడం లేదు. వాడు తలుపు దగ్గరే నిలబడి, కావాలని చేయలేదన్నాడు. ఇన్నాళ్ళకి ఆ పిలుపు అచ్చం ఇంట్లో పిలిచినట్టు వినబడేసరికి, తననే పిలిచినట్టు అనిపించి, నోరు దానంతటదే పలికిందన్నాడు. అది నిజమని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఆమె అద్దంలోంచే మాట్లాడింది. “ఇంట్లో ఎప్పుడైనా ఒక్క పిలుపుకి పలికారా? చేతిలో ఏ స్విచ్చో, ఏ తీగో ఉంటుంది. ఒకసారి పిలుస్తాను, రెండుసార్లు పిలుస్తాను. మూడోసారి ఇంట్లో మనిషి ఉన్నాడా లేడా అని నాకే అనుమానం వస్తుంది. ఆ మూడో పిలుపు ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని మేడం అడిగారు. మా ఇంట్లోనే అన్నాను.”

వాడు మెడలోని తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“మాస్టారు పలికేది నాటకమని నాకు తెలీదా వదినా?” అంది నా వైపు తిరిగి. “అయినా పిలవగానే పలికితే బావుంటుంది.”

ఆడపడుచుని కదా, తమ్ముడి తరఫున ఒక మాట వేసుకోవాలి. నాకు ఒక్కటీ దొరకలేదు. మా వంశంలో మగవాళ్ళకి ఒక్క పిలుపుకి పలకడం నామోషీ. మా నాన్నని మా అమ్మ పిలిచే పిలుపులు వీధి చివరిదాకా వినబడేవి, వరండాలో కూర్చున్న ఆయనకి తప్ప.

మర్నాటి ఆటకి మావాణ్ణి తీసేసి ఇంకెవరినైనా కూర్చోబెడదామని ప్రొఫెసరమ్మ అంది. తీసేస్తే వాడు ఇంక ఆ హాలు గడప తొక్కేవాడు కాదు. మా మరదలే అడ్డుపడింది. ఆయనే ఉండాలంది. “పలక్కుండా కూర్చోవడం ఆయనకి బాగా వచ్చు మేడం,” అంది. ప్రొఫెసరమ్మకి నవ్వొచ్చింది. మా తమ్ముడు తలొంచుకుని నిచ్చెన ఎక్కాడు.

రెండోరోజుది ఆఖరి ఆట, జనం ఇంకా ఎక్కువ వచ్చారు. చాలామంది వచ్చింది ‘ఆఁ, వస్తున్నా’ వినడానికని వాళ్ళ గుసగుసల్లోనే తెలుస్తోంది. గుండీలన్నీ గట్టిగా ఉన్నాయని చూసుకుని, నేను హాలు వెనక్కి వెళ్ళి నిచ్చెన దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి వాడు పక్కవాటుగా కనబడతాడు. మెడలో తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. మొదటి పిలుపు, రెండో పిలుపు అయ్యాయి. మాస్టారు పలికిన ప్రతిసారీ వాడి దవడ బిగుసుకుంది.

మూడోది వచ్చింది. నిన్నటి కంటే మెల్లగా పిలిచింది. హాల్లో సగం తలలు వెనక్కి తిరగబోయి ఆగాయి. వాడు రెండు చేతులతో మీట పట్టుకుని కిందికి తెస్తున్నాడు. పిలిస్తే పలక్కుండా ఉండటం, పదకొండేళ్ళు ఇంట్లో కూర్చున్నచోటి నుంచి కదలకుండా, ఏ కష్టమూ లేకుండా వాడు చేసిన పనే. ఆ సాయంత్రం దాన్ని చేయలేక వాడు చచ్చినంత పనైంది. గుమ్మంలో ఆమె ఒంటరిగా నిలబడి ఎదురుచూస్తోంది, ఎవరూ పలకడం లేదు, వెలుగు పోతోంది. హాలంతా ఆమెనే చూస్తోంది. పూర్తిగా చీకటి అయ్యాక చప్పట్లు కొట్టడం మొదలుపెడితే ఆపలేదు.

నేను గదికి వచ్చేసరికి అక్కడ కాలు పెట్టే చోటు లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకుంటున్నారు. అందరినీ పంపించి ఆమె బట్టల హుక్కులు విప్పడం మొదలుపెట్టాను. మాస్టారు ఓ మూల విగ్గు తీసి తల తుడుచుకుంటున్నారు. మా తమ్ముడు తలుపు బయట ఇటు తిరగకుండా నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. ఆమె నేల మీద ఉన్న తన సంచి చూసింది. నా చేతులు తన వీపు మీద ఉన్నాయి కనక వంగలేకపోయింది.

“ఏవండీ, ఆ సంచి కాస్త అందుకోండి,” అంది.

ఇంట్లో పిలిచినట్టే పిలిచింది. రాగం లేదు, విరుపు లేదు. బయట నుంచి మా తమ్ముడూ, మూల నుంచి కప్పల మాస్టారూ ఒకేసారి “ఆఁ” అన్నారు.

మాస్టారి చెవుల వెనక చెమట కారడం నాకు కనబడింది. అలవాటులో పొరపాటని గొణిగారు.

“మిమ్మల్ని కాదు మాస్టారూ,” అంది మా మరదలు.

మావాడు లోపలికి వచ్చి సంచి అందుకున్నాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. లేదంది. అయినా అక్కడే నిలబడ్డాడు, ఇంకోసారి పిలుస్తుందేమోనని. వాళ్ళిద్దరూ మెట్లు దిగి వెళ్తుంటే ఆమె ఏదో అంటోంది, మాట పూర్తి కాకముందే వీడు ‘ఆఁ, ఆఁ’ అంటున్నాడు. నేను బట్టలు మడతపెడుతూ చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో నన్నడగొద్దు. తమ్ముడి కాపురం బాగుపడితే సంతోషించాల్సిన అక్కని, సంతోషించాను కూడా. కడుపుమంట దాని దారిన అది మండింది.

మర్నాడు పొద్దున మా ఆయన ముందుగదిలో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటున్నారు. నేను వంటింటి గుమ్మంలోకి వచ్చి “ఏవండీ,” అన్నాను. ఊరికే. చెప్పాల్సిందేమీ లేదు. ఆయన ఒక కాగితం తిప్పారు. కొంచెం ఆగి రెండోసారి పిలిచాను. పెన్సిలు గీస్తున్న చప్పుడు ఆగలేదు.

మూడోసారి పిలవలేదు.